రెండు బురుజుల మధ్య పాతికేళ్ళు

నల్లటి ఆకాశంలో ఒక గ్రహశకలం. దాని రెండు కొసల్లోనూ ఎత్తైన బురుజులు, ఒకదానిలో ఎర్ర జెండా, ఇంకోదానిలో నీలం జెండా. తలెత్తితే భూగోళం మెల్లగా పక్కకి జరిగిపోతూ కనిపిస్తుంది. అంచు దాటి కాలు పెడితే కింద నేలంటూ లేదు. ‘అన్‌రియల్ టోర్నమెంట్’ పేరు చెప్పగానే ఆ ఆట ఆడినవాళ్ళలో చాలామందికి ముందు గుర్తొచ్చేది ‘ఫేసింగ్ వరల్డ్స్’ అనే ఈ మ్యాపే. 1999 నవంబరులో విడుదలైన ఆట అది. పాతికేళ్ళు దాటాక ఇవాళ మళ్ళీ తెరిచి చూసినా అది ఆడించుకుంటోంది. పాతది కాబట్టి ముద్దొస్తోందని సరిపెట్టుకోవడానికి వీల్లేదు. ఆడుతున్నంతసేపూ ఊపిరి తీసుకోనివ్వదు.

కథ క్లుప్తం. సుదూర అంతరిక్షంలో గనులు తవ్వే కార్మికుల మధ్య కొట్లాటలు ఆపలేక, 2291లో భూమి ప్రభుత్వం ఆ కొట్లాటల్నే చట్టబద్ధం చేస్తుంది. లియాండ్రీ మైనింగ్ కార్పొరేషన్ అనే కంపెనీ వాటిని పోటీలుగా మార్చి జనానికి చూపిస్తుంది. గనుల కన్నా ఈ పోటీల మీదే ఎక్కువ లాభం వస్తోందని కొన్నాళ్ళకే కనిపెడుతుంది. ఆటగాడు బరిలోకి దిగేది మరో యాభై ఏళ్ళకి, 2341లో. అంతకు మించి కథ చెప్పాలని ఆట ప్రయత్నించదు. పాడుబడ్డ గుడి, అంతరిక్ష నౌక, ఆకాశాన్నంటే భవనాల పైకప్పులు, వేగంగా పరుగెత్తే రైలు, అన్నీ పోటీ మైదానాలే. ఆ రైలు మీంచి జారిపడితే ప్రాణం పోయినట్టే.

దీన్ని తయారుచేసింది అమెరికాలో నార్త్ కరొలైనాకి చెందిన ఎపిక్ గేమ్స్, కెనడాకి చెందిన డిజిటల్ ఎక్‌స్ట్రీమ్స్. ఇవాళ ‘ఫోర్ట్‌నైట్’ నడుపుతున్న ఎపిక్ ఇదే. 1998లో వచ్చిన ‘అన్‌రియల్’ ఒంటరిగా ఆడుకోవడానికి అద్భుతంగా ఉన్నా, ఇంటర్నెట్‌లో నలుగురితో ఆడబోతే తడబడేది. ఆ లోటు పూడ్చడానికి అనుబంధంగా మొదలుపెట్టిన పని పెరిగి పెరిగి చివరికి విడి ఆటే అయింది. అది వచ్చిన కొద్ది రోజులకే, డిసెంబరులో, ఐడీ సాఫ్ట్‌వేర్ నుంచి ‘క్వేక్ 3 అరీనా’ దిగింది. రెండూ బరిలోకి దిగి చేసే పోరాటాలే, రెండింట్లోనూ వేగమే ప్రాణం. ఏది గొప్పదన్న వాదన ఇప్పటికీ తెగలేదు. ఒక్క తేడా మాత్రం మామూలు ఇళ్ళలో బాగా పనికొచ్చింది. క్వేక్ 3 నడవాలంటే కంప్యూటర్‌లో త్రీడీ గ్రాఫిక్స్ కార్డు ఉండి తీరాలి. అన్‌రియల్ టోర్నమెంట్ కార్డు లేకపోయినా ప్రాసెసర్ మీదే బొమ్మ గీసుకుని, కాస్త మసగ్గానైనా సరే, నడిచేది.

ఆట నాణ్యత తెలియాలంటే తుపాకుల్ని దగ్గర్నుంచి చూడాలి. దాదాపు ప్రతి ఆయుధానికీ రెండు రకాల దెబ్బలు, మౌస్‌కున్న రెండు బటన్లకీ ఒక్కోటి. షాక్ రైఫిల్‌నే తీసుకుందాం. ఒక బటన్ నొక్కితే సన్నటి కిరణం గురి పెట్టిన చోట తక్షణం తగులుతుంది. రెండోది నొక్కితే వెలిగే బంతి ఒకటి నింపాదిగా గాల్లో సాగిపోతుంది. విడివిడిగా చూస్తే రెండూ ఓ మోస్తరు దెబ్బలే. కానీ బంతిని వదిలి, అది ఎదుటివాడి దగ్గరికి చేరే వేళకి అదే బంతిని కిరణంతో కొడితే పెద్ద పేలుడు, ఆ చుట్టుపక్కల ఉన్నవాళ్ళకి ఆశ లేనట్టే. గుమ్మం వెనక నక్కినవాడిని నేరుగా కొట్టలేరు. గుమ్మం పక్కగా బంతిని పంపి, సరిగ్గా అక్కడికి చేరాక పేల్చాలి. బంతి ఎంత వేగంతో పోతుందో, ఎదుటివాడు ఎటు కదులుతాడో, తను ఎక్కడ నిలబడితే కిరణం తగులుతుందో, మూడు లెక్కలూ ఒక్క క్షణంలో కుదరాలి. ఇది చేతికి పట్టుబడాలంటే వారాలు పడుతుంది. పట్టుబడ్డాక మళ్ళీ మర్చిపోవడం కష్టం. ఏళ్ళ తర్వాత తిరిగొచ్చినవాళ్ళ వేళ్ళు కూడా పది నిమిషాల్లో ఆ తాళం అందుకుంటాయి.

ఫ్లాక్ కానన్ తీరు వేరు. ఒక బటన్‌కి కాలుతున్న ఇనుప ముక్కలు చిమ్ముతాయి, గోడలకి తగిలి మలుపు తిరిగి మరీ కొడతాయి. రెండో బటన్‌కి గుండు విల్లులా వంగి పడుతుంది. ఇరుకు సందుల్లో దీనికి తిరుగులేదు, మైదానంలో మాత్రం పెద్దగా పనికిరాదు. రాకెట్ లాంచర్‌లో బటన్ వదలకుండా పట్టుకుంటే ఒకటి నుంచి ఆరు దాకా రాకెట్లు పేరుకుంటాయి. అవి లోపలికి ఎక్కుతున్న చప్పుడు మూల మలుపు అవతల ఉన్నవాడికీ వినిపిస్తుంది, దాన్నిబట్టి అతను వెనక్కి తగ్గొచ్చు. ఇక్కడ చెవులు కూడా ఆడతాయి.

ఇక ట్రాన్స్‌లొకేటర్. దాన్నుంచి చిన్న బిళ్ళ ఒకటి విసరాలి, తర్వాత బటన్ నొక్కితే ఆటగాడు ఆ బిళ్ళ ఉన్నచోట ప్రత్యక్షమవుతాడు. బురుజు మీదికి, లోయ అవతలికి, శత్రువు వెనక్కి, ఎక్కడికైనా సరే. సరిగ్గా శత్రువు నిలబడ్డ చోటే ప్రత్యక్షమైతే శత్రువు ముక్కలవుతాడు. విసిరిన బిళ్ళని అవతలివాళ్ళు పాడుచేస్తే, అది తెలియక అక్కడికి దూకినవాడు తనే ముక్కలవుతాడు. ఎదుటి జట్టు జెండాని ఎత్తుకొచ్చే ఆటలో, జెండా చేతిలో ఉండగా దీన్ని వాడితే జెండా అక్కడే పడిపోతుంది. ఈ ఒక్క నియమంతో జెండా ఆటకి బిగువు వచ్చింది. వెళ్ళేటప్పుడు గాల్లో తేలుతూ రెప్పపాటులో చేరొచ్చు, తెచ్చేటప్పుడు మాత్రం కాళ్ళకి పని చెప్పాల్సిందే. కబడ్డీలో కూతకెళ్ళినవాడు గీత అందుకోవడానికి పడే ఆరాటమంతా ఆ తిరుగు పరుగులో ఉంటుంది.

నలుగురు దొరకనప్పుడు ఏం చెయ్యాలి? ఈ ఆట దగ్గర దానికి సమాధానం ఉంది. 1996లో ‘క్వేక్’ కోసం రీపర్ బాట్ రాసిన స్టీవ్ పోల్జ్ తర్వాత ఎపిక్‌లో చేరి, కంప్యూటరే ఆడించే ఈ ప్రత్యర్థుల్ని తీర్చిదిద్దాడు. మ్యాపు గీసినవాళ్ళు దారి పొడుగునా కంటికి కనబడని గుర్తులు పాతిపెడతారు, బాట్లు ఆ గుర్తుల వెంట నడుస్తాయి. అంతటితో ఆగితే అవి బొమ్మల్లాగే ఉండేవి. ఒక్కో బాట్‌కి గురి ఎంత, అప్రమత్తత ఎంత, ఏ ఆయుధం ఇష్టం, ఒకేచోట మాటు వేసే బుద్ధి ఎంత అన్నవి విడివిడిగా నిర్ణయించొచ్చు. జట్టు ఆటల్లో ‘జెండా కాపాడు’, ‘దాడికి వెళ్ళు’, ‘నా వెంట ఉండు’ అని ఆజ్ఞాపిస్తే వింటాయి. ఎనిమిది స్థాయిల్లో మొదటిది పసివాళ్ళకి కూడా లొంగుతుంది. ‘గాడ్‌లైక్’ అనే ఎనిమిదోది చెయ్యి తిరిగినవాళ్ళకి కూడా చుక్కలు చూపిస్తుంది. ఆటగాడి సత్తాని బట్టి స్థాయి దానంతటదే మారే ఏర్పాటూ ఉంది. ఒంటరి టోర్నమెంట్ చివర్లో ఎదురయ్యే జాన్ క్రీగర్ అనే విజేతని ‘హైపర్‌బ్లాస్ట్’ అనే నౌక మీద ఓడించడం ఇప్పటికీ పరీక్షే.

నియమాలు మార్చుకునే స్వేచ్ఛ కూడా పెట్టెలోనే వచ్చింది. ‘మ్యుటేటర్లు’ అనే చిన్న చిన్న మార్పుల జాబితాలోంచి కావలసినవి ఎంచుకోవచ్చు. ఒకటి భూమ్యాకర్షణ తగ్గిస్తుంది. ‘ఇన్‌స్టాగిబ్’ ఎంచుకుంటే అందరి చేతిలోనూ ఒక్క దెబ్బతో ప్రాణం తీసే రైఫిలే ఉంటుంది. ‘ఫ్యాట్‌బాయ్’ పెడితే చంపినకొద్దీ ఒళ్ళు పెరుగుతుంది, చచ్చినకొద్దీ చిక్కిపోతుంది. అలా గెలిచేవాడు అందరికీ తేలిగ్గా తగిలే గురిగా తయారవుతాడు. కంపెనీ మ్యాపులు గీసుకున్న అన్‌రియల్‌ఎడ్ అనే పనిముట్టునే కొన్నవాళ్ళకీ ఇచ్చేశారు. దాంతో ప్రపంచం నలుమూలల నుంచీ అభిమానులు వేల మ్యాపులు గీశారు. ‘టాక్టికల్ ఆప్స్’ లాంటి అభిమానుల సృష్టి 2002లో విడి ఆటగా దుకాణాల్లోకి కూడా వచ్చింది.

సంగీతం సంగతీ చెప్పుకోవాలి. అలెగ్జాండర్ బ్రాండన్, మిషెల్ వాన్ డెన్ బోస్ తదితరులు కూర్చిన పాటలు రికార్డింగులుగా కాక ట్రాకర్ పద్ధతిలో ఉంటాయి. కొన్ని శబ్దపు తునకలు, ఏది ఎప్పుడు మోగాలో చెప్పే పట్టిక, అంతే ఫైలు. చోటు తక్కువ తీసుకుంటుంది, ఊపు తగ్గదు. ఫేసింగ్ వరల్డ్స్ కోసం వాన్ డెన్ బోస్ చేసిన ‘ఫర్‌గాన్ డిస్ట్రక్షన్’ ఆట ఆడనివాళ్ళకి కూడా తెలిసిన పాట. వరసగా చంపుతూ పోతే ‘డబుల్ కిల్’, ‘మల్టీ కిల్’, ‘మాన్‌స్టర్ కిల్’ అంటూ గంభీరంగా మోగే ఆ గొంతు తర్వాత ‘డోటా’ ఆడినవాళ్ళ చెవుల్లోకీ చేరింది.

వయసు మీద పడలేదని అనలేం. మొహాలు కోణాలు కోణాలుగా ఉంటాయి, వేళ్ళు అతుక్కుపోయి ఉంటాయి. కోటల మీద దాడిచేసే ‘అసాల్ట్’ ఆటల్లో దారులు కంఠతా వచ్చినవాళ్ళు రెండు మూడు నిమిషాల్లో ముగించేస్తారు, కొత్తవాళ్ళకి ఏం జరిగిందో కూడా అర్థం కాదు. ఇంటర్నెట్‌లో ఆడేటప్పుడు ఇంకో చిక్కు. కిరణం తగిలిందా లేదా అన్నది నిర్ణయమయ్యేది బటన్ నొక్కిన క్షణంలో కాదు, ఆ కబురు సర్వర్‌కి చేరిన క్షణంలో. హైదరాబాద్ నుంచి యూరప్ సర్వర్‌కి వెళ్ళి రావడానికే సెకనులో పదో వంతుకి పైగా పడుతుంది కాబట్టి, కదిలేవాడికి కాస్త ముందుకి గురి పెట్టాలి. 2000 తొలి ఏళ్ళలో మన ఇంజనీరింగ్ కాలేజీ హాస్టళ్ళలో కౌంటర్ స్ట్రైక్, ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ లాంటివన్నీ గదుల మధ్య లాన్ కేబుల్ మీద ఆడిన తరానికి ఆ బాధ తెలియదు. ఒకే కప్పు కింద కంప్యూటర్లు కలిపి ఆడటమే ఈ తరహా ఆటలకి ఇప్పటికీ అన్నిటికన్నా మేలైన పద్ధతి.

అసలు ఇవాళ దీన్ని మళ్ళీ ఆడగలగడమే చెప్పుకోదగ్గ సంగతి. 2014లో ఎపిక్ కొత్త అన్‌రియల్ టోర్నమెంట్ మొదలుపెట్టి, ఆటగాళ్ళని కూడా తయారీలో కలుపుకుంది. ఫోర్ట్‌నైట్ ఊపందుకున్నాక అది సగంలోనే ఆగిపోయింది. 2022 డిసెంబరులో ఎపిక్ పాత అన్‌రియల్ ఆటలన్నిటినీ అమ్మకం నుంచి తీసేసింది. 2023 జనవరి 24న వాటి ఆన్‌లైన్ సేవలు ఆపేసింది. ఆ రోజుతో ఆట చచ్చిపోవాలి. చావలేదు, ఎందుకంటే ఆడటానికి కావలసినవన్నీ ఆటగాళ్ళ దగ్గరే ఉన్నాయి. సర్వర్ నడిపే ప్రోగ్రాం మొదట్నుంచీ ఆటతోపాటే వచ్చేది, ఎవరైనా తమ కంప్యూటర్‌లో నడుపుకోవచ్చు. ఆగిపోయింది ఏ సర్వర్ ఎక్కడుందో చెప్పే కంపెనీ జాబితా ఒక్కటే. అభిమానులు సొంతంగా అలాంటి జాబితాలు నడుపుతున్నారు.

ఓల్డ్‌అన్‌రియల్ అనే అభిమానుల బృందం అంతకన్నా పెద్ద పని చేసింది. కంపెనీ నుంచి వచ్చిన ప్యాచ్ 436తో ఆగిపోయిన ఆటని, ఎపిక్ అనుమతితో 469 ప్యాచ్ దాకా తెచ్చింది. ఇప్పటి విండోస్‌లోనూ లినక్స్‌లోనూ మ్యాక్‌లోనూ అది నడుస్తుంది. 1999లో రెండో సీడీలో, ఎస్3 కార్డులున్న కొద్దిమంది కోసమే ఇచ్చిన నాణ్యమైన గోడల బొమ్మలు ఇప్పుడు అందరి తెర మీదా కనిపిస్తాయి. 2024 నవంబరులో ఎపిక్ ఇంకో మెట్టు దిగింది. ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్న ప్రతిని జనం ఉచితంగా తీసుకోవడానికి ఒప్పుకుంది. ఆ ఉదారతకి ఎపిక్‌ని మెచ్చుకోవాల్సిందే.

అదే ఏడాది జరిగిన మరో రెండు సంగతులతో పోల్చి చూస్తే దీని విలువ తెలుస్తుంది. సోనీ నుంచి ‘కాంకర్డ్’ అనే కాల్పుల ఆట ఆగస్టు 23న విడుదలై, సెప్టెంబరు 6న ఆగిపోయింది. కొన్నవాళ్ళకి డబ్బు తిరిగిచ్చారు గానీ ఆట తిరిగి రాలేదు. మార్చి 31న యూబీసాఫ్ట్ ‘ద క్రూ’ అనే కార్ల ఆట సర్వర్లు ఆపేసింది, ఒంటరిగా ఆడుకునేవాళ్ళకి కూడా అది పనికిరాకుండా పోయింది. దాని మీదే రాస్ స్కాట్ అనే యూట్యూబర్ ‘స్టాప్ కిల్లింగ్ గేమ్స్’ ఉద్యమం మొదలుపెట్టాడు. యూరోపియన్ యూనియన్ ముందుంచిన ఆ విన్నపానికి 2025 జూలైలో సంతకాలు పది లక్షలు దాటాయి. వాళ్ళు అడుగుతున్నది కొత్తదేమీ కాదు. కంపెనీ తప్పుకున్నాక కూడా కొన్నవాడు ఆడుకోగలగాలి అంటున్నారు. 1999లో ఎపిక్ అడక్కుండానే చేసిన పని అది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నేరుగా ఆన్‌లైన్‌కి పోనక్కర్లేదు. అక్కడ మిగిలినవాళ్ళలో చాలామందికి ఈ ఆట కొట్టిన పిండి. ముందు ‘డెక్ 16’ మ్యాపులో, అడుగున ఆకుపచ్చటి రసాయనపు మడుగున్న చోట, మధ్య స్థాయి బాట్లని నలుగురిని పెట్టుకుని ఆడితే ఆయుధాలు ఎక్కడెక్కడ దొరుకుతాయో ఒంటబడుతుంది. తర్వాత మూడు ఆకాశహర్మ్యాల మధ్య తేలుతూ దూకే ‘మార్ఫియస్’, ఆపైన ఇంట్లోవాళ్ళో స్నేహితులో ఇంకో కంప్యూటర్ తెస్తే ఫేసింగ్ వరల్డ్స్‌లో జెండా ఆట. ఉన్న మ్యాపులు చాలవనిపిస్తే ఆట ఫోల్డర్‌లోనే ‘సిస్టమ్’ అనే ఫోల్డర్ తెరవాలి. అన్‌రియల్‌ఎడ్ అక్కడే ఉంటుంది.