జూబిలీ – విచారణ

తెలుగు కతోలికుల పరిభాష మీద నాకు చిరకాలంగా మక్కువ. జీవితమంతా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి కనుక దివ్యబలిపూజలో కూర్చున్నా మనసు ఒక్కొక్కసారి మాటల వెంట పోతుంది. గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడాన్ని మనవాళ్లు ‘పాపసంకీర్తనం’ అన్నారు. సంకీర్తనమనగానే అన్నమయ్య గుర్తుకు వచ్చేవారికి ఇది వింతగా తోచవచ్చు. కాని చెప్పడం, పేర్కొనడం అనేవి కీర్తన శబ్దానికి ఉన్న అర్థాలే. అట్లాగే ఒక గుడి పరిధిలోని విశ్వాసుల సంఘాన్ని ‘విచారణ’ అన్నారు, దానిని చూసుకొనే స్వామిని ‘విచారణ గురువు’ అన్నారు. ఇది న్యాయస్థానపు విచారణ కాదు, యోగక్షేమాలు విచారించడం. మా జనగామ పల్లెల్లో దీనినే ‘అర్సుకొనుడు’ అంటారు. కావ్యాలలోని ‘అరయు’ ధాతువు మా ఇళ్ల వాకిళ్లలో ఇంకా ఈ రూపంలో బతికి ఉన్నది.

2025 జూబిలీ సంవత్సరం గడిచిన తరువాత ఈ మాట నాకు మరింత దగ్గరయింది.

1300లో ఎనిమిదవ బోనిఫాసు పోపు గారు మొదటి జూబిలీని ప్రకటించారు. 1475 నుండి ఇరవై ఐదేళ్లకొకసారి జరపడం ఆనవాయితీ అయింది. ఈసారి జూబిలీకి ఫ్రాన్సిస్ పోపు గారు 2024 డిసెంబరు 24న రోమునగరంలో పవిత్ర ద్వారం తెరిచారు. రెండు రోజుల తరువాత అక్కడి రెబిబ్బియా కారాగారంలో మరొక ద్వారం తెరిచారు. 2025 ఏప్రిల్ 21న ఆయన పరమపదించారు. ఆయన తెరిచిన ద్వారాన్ని 2026 జనవరి 6న పద్నాలుగవ లియో పోపు గారు మూసివేశారు. ఒకరు తెరిచిన తలుపును మరొకరు మూయడంలో మనుషులు మారినా పని ఆగదన్న సూచన నాకు కనిపించింది.

జూబిలీ అంటే మనకు తోరణాలు, రంగులు, ఫ్లెక్సీలు, విందు భోజనం. రజతమని, స్వర్ణమని, వజ్రమని లోహాలతోనూ రత్నాలతోనూ ఏళ్లను కొలుచుకుంటాం. దాని మూలం మాత్రం పొట్టేలు కొమ్ముతో చేసిన బూర. లేవీయకాండము ఇరవై ఐదవ అధ్యాయం ప్రకారం యాభైయవ ఏట ఆ బూర ఊదగానే అమ్ముడుపోయిన భూమి తిరిగి సొంత కుటుంబానికి చేరాలి, అప్పు వల్ల దాసుడైనవాడు విడుదలై తన వారి దగ్గరకు పోవాలి. భూమి దేవునిది, మనిషి అందులో బాటసారి అన్నది దాని సారాంశం.

ఈ అధ్యాయాన్ని జనగామ గడ్డ మీద చదివితే అది కేవలం వేదాంతంగా వినిపించదు. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ తాను పండించిన ధాన్యం కోసం విసునూరు దేశముఖు మీద నిలబడింది ఇక్కడే. 1946 జూలై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య నేలకొరిగింది ఇక్కడే. భూమి పోవడమంటే ఏమిటో, వెట్టి అంటే ఏమిటో ఈ నేలకు ఎవరూ వ్యాఖ్యానం చెప్పనక్కరలేదు.

ఆ సంవత్సరం మా విచారణలో ఉత్సవం మాట వచ్చినప్పుడు కమాను కట్టాలని కొందరు, గోడలకు రంగులు వేయాలని కొందరు అన్నారు. వెనుక వరుసలో కూర్చున్న ఒక ముసలమ్మ, “గుడికి రానోళ్ల ఇండ్లకు ఎవరన్న పోతున్నరా?” అని అడిగింది. ఎవరూ బదులు పలకలేదు. ఆ మరుసటి వారం నుండి ఇద్దరిద్దరుగా ఇళ్లకు వెళ్లడం మొదలైంది. భూపాలపల్లి బొగ్గు గనుల్లో పనికి కుదిరి అక్కడే ఉండిపోయిన పిల్లల తల్లిదండ్రులు, మహబూబాబాద్ వైపు తండాల్లోకి ఆడపిల్లలను ఇచ్చి ఒంటరిగా మిగిలినవారు మా వంతుకు వచ్చారు. జపమాల చెప్పుకొన్నాక వాళ్లు అడిగేది ఒక్కటే, “మళ్లెప్పుడొస్తరు?”

మా ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. నా దగ్గర చదువుకొన్న ఒక పత్తి రైతుకు కొన్నేళ్ల క్రితం నలభై వేలు చేబదులు ఇచ్చాను. వరుసగా రెండు పంటలు దెబ్బతిన్నాయి. ఒక ఆదివారం ప్రసంగం విని ఇంటికి వచ్చాక మా ఆవిడ, “ఆ నోటు ఇంక బీరువలనే ఉన్నదా?” అని మాత్రం అడిగింది. మరునాడు ఆ కాగితాన్ని అతనికి పంపించి వేశాను. ఇక బరువు తీరిందనుకొన్నాము. కాని అంతకు ముందు నెలకొకసారైనా గడప తొక్కే మనిషి ఆనాటి నుండి కనిపించలేదు. బజారులో ఎదురుపడినా పక్క సందులోకి తిరిగేవాడు.

మూడు నెలలు చూసి మేమిద్దరమే వాళ్ల ఊరికి పోయాము. నులక మంచం వాల్చి కూర్చోబెట్టాడు. చాలాసేపటికి, “అప్పు మాఫీ చేసిన్రు గని, మీకు మొఖమెట్ల చూపియ్యాలె సారూ?” అన్నాడు. అప్పు ఉన్నన్నాళ్లు అతడు మాతో సమానుడు, ఇవ్వవలసినవాడు. నోటు చేతికి రాగానే దానం పుచ్చుకొన్నవాడైనాడు. మా ఆవిడ లోపలికి పోయి అతని భార్యతో కలిసి పెసరకాయలు ఒలుస్తూ కూర్చున్నది. వచ్చేటప్పుడు ఒక సంచి నిండా పెసలు పోసి ఇచ్చారు. వద్దనబోయి ఆగాను. తీసుకొన్నాము. ఆ తరువాత అతడు మళ్లీ మా ఇంటికి రావడం మొదలుపెట్టాడు.

లేవీయకాండంలో భూమి తిరిగి ఇవ్వడంతో పాటు మనిషి తన వారి దగ్గరకు తిరిగి రావడం కూడా ఎందుకు చెప్పారో అప్పుడు తెలిసింది. కాగితం చింపడం సగం పని. మిగిలిన సగం అర్సుకొనుడు.

మా ఓరుగల్లు మేత్రాసనం 1952లో ఏర్పడింది. 2027లో డెబ్భై ఐదేళ్లు నిండుతాయి. అప్పుడు మళ్లీ కమాను మాట వస్తుంది. రావలసిందే, పండుగకు తోరణం అందమే. ఆ ముసలమ్మ అడిగిన ప్రశ్న కూడా ఆ సమావేశంలో ఎవరో ఒకరు అడగాలని నా కోరిక. ఈ వారం మా వంతు ఇళ్లు ఇంకా మూడు మిగిలి ఉన్నాయి.