ఫ్రిస్కో నుంచి చూసిన ఆకాశం

ఈసారి మిమ్మల్ని ఫ్రిస్కో తీసుకువెళ్తాను. ఇది అమెరికాలో, టెక్సస్ రాష్ట్రంలో, డాలస్‌కు ఉత్తరాన ఉన్న ఊరు. సెయింట్ లూయిస్–శాన్ ఫ్రాన్సిస్కో రైల్వేను జనం ఫ్రిస్కో అని పిలిచేవారు. ఊరికి ఆ పేరే వచ్చింది. మారిషస్‌లో మన పెద్దలకు కోరంగి రేవు పేరు అంటుకున్నట్టే! ఇప్పుడు ఇక్కడ బజారులో కూడా తెలుగు వినిపిస్తుంది. కార్యసిద్ధి హనుమాన్ ఆలయం ఈ ఊళ్ళోనే ఉంది.

2020 మార్చి మొదట్లో నేను మా అమ్మాయి ఇంటికి వచ్చాను. ఆ నెలలోనే మన దేశం సరిహద్దులు మూసింది. తిరిగి వెళ్ళడానికి విమానం లేదు. అమ్మాయి ఆసుపత్రిలో నర్సు. రాత్రి పనికి వెళ్ళి, తెల్లవారాక వచ్చేది. చెప్పులు బయటే విడిచి, స్నానం చేసి, నాకు దూరంగా కూర్చుని తినేది. ఒకే ఇంట్లో ఉన్నా నేను ఆమె తల నిమరలేకపోయాను.

నాకు విమానాల ఫొటోలు తీయడం సరదా. ఆ ఏడాది చాలా విమాన విన్యాసాలు రద్దయ్యాయి. విన్యాసం అంటే నేర్పుగా చేసి చూపించే ఆట. కానీ మే 6న అమెరికా నౌకాదళానికి చెందిన బ్లూ ఏంజెల్స్ జట్టు డాలస్, ఫోర్ట్ వర్త్ ప్రాంతం మీదుగా ఎగిరింది. ఆరు నీలి హార్నెట్ విమానాలు, రెక్క పక్కన రెక్క. వైద్యులకు, నర్సులకు కృతజ్ఞత చెప్పడానికి వచ్చాయి. గుంపులుగా చేరవద్దు, ఇంటి దగ్గరే ఉండి చూడండి అని ముందే చెప్పారు. నేను టీవీలో చూశాను, శబ్దం బాగా తగ్గించి. ఎవరికి కృతజ్ఞత చెబుతున్నారో ఆమె పక్క గదిలో నిద్రపోతోంది. నేను లేపలేదు.

అంతకు మూడు రోజుల ముందు, మే 3న, హైదరాబాదులో గాంధీ ఆసుపత్రి మీద భారత వాయుసేన హెలికాప్టర్ పూలు చల్లింది. ఈ ఖర్చుతో మాస్కులు కొనవచ్చు కదా అని రెండు దేశాల్లోనూ కొందరు అడిగారు. నేను అమ్మాయిని అడిగాను. "ముందు మాస్కులు, తరువాత పూలు. రెండూ కావాలమ్మా" అంది.

సెప్టెంబరులో కెనడాలోని లండన్ నగరంలో కొత్త పద్ధతిలో ప్రదర్శన జరిగింది. జనం కార్లలో వచ్చి, తమ కారు దగ్గరే ఉండి చూశారు. బ్లూ ఏంజెల్స్ మాత్రం 1986లో తమ జట్టుకు వచ్చిన ఆ పాత హార్నెట్లకు 2020 నవంబరులో వీడ్కోలు చెప్పారు.

మీరూ ఫొటోలు తీస్తారా? రెండు మాటలు గుర్తుంచుకోండి. జెట్ విమానానికి షటర్ వేగం సెకనులో వెయ్యో వంతు, లేదా ఇంకా తక్కువ సమయం పెట్టండి. పంకా ఉన్న విమానానికి సుమారు రెండు వందలో వంతు చాలు. లేకపోతే పంకా ఆగిపోయినట్టు కనిపిస్తుంది. శబ్దం వచ్చిన వైపు చూడకండి, విమానం అప్పటికే ముందుకు వెళ్ళిపోతుంది. దానికి ముందు చూడండి. ఫొటో సరిగా రాకపోయినా ఫరవాలేదు. ఏం చూశారో ఇంట్లోవాళ్ళకు తెలుగులో చెప్పండి.