పిడుగురాళ్లలో ఒక సంతకము



మొన్న వేసవిలో మా ఎద్దుల జతను లారీలో బంధువులకు పంపుదామని పిడుగురాళ్ల వెళ్ళాము. పేరులోనే పిడుగు, రాయి ఉన్న ఊరు. సున్నపురాయిని బట్టీలలో కాల్చి సున్నము చేయుట ఇక్కడ ఎందరికో బ్రతుకుతెరువు. దారి ప్రక్క చెట్ల ఆకులపై కూడ తెల్లని దుమ్మే.

పశువైద్యుడు పరీక్షించి, ప్రయాణమునకు తగినదని ధ్రువపత్రము ఇవ్వనిదే పశువును లారీ ఎక్కించరాదని 1978 నాటి నియమములు చెప్పుచున్నవి. కాగితమే గదా, ఇట్టే ఇస్తారనుకున్నాము.

డాక్టరుగారు తొందరపడలేదు. కళ్ళు, ముట్టె చూచి, జ్వరము కొలిచి, నాలుగడుగులు నడిపించమన్నారు. వలపటి ఎద్దు కుంటింది. గిట్టల మధ్య పుండు! ఆయన సంతకము చేయలేదు. మందు వ్రాసి ఇచ్చారు. లారీ బాడుగ పోయిందని మాకు కోపము వచ్చింది.

తరువాత సిగ్గు కలిగింది. ఎనిమిదేండ్లు మా పొలము దున్నిన ఎద్దు అది. దాని కుంటు ఆయన నాలుగడుగులలో చూచారు. తెల్లవారుజామునుండి నడిపించి తెచ్చిన మేము చూడలేదు.

ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నము 12 నుండి 3 వరకు ఎద్దులను బండికి కట్టరాదని 1965 నాటి నియమము. పల్నాటి ఎండలో అట్టి మధ్యాహ్నములు ఎన్ని తోలామో! ఎద్దుకును విశ్రాంతి ఉండవలెనని దేవుడు నిర్గమకాండము 23:12లో ఏనాడో ఆజ్ఞాపించెను.

ఆ పూట వేపచెట్టు క్రింద కట్టి, నీళ్ళు పెట్టి, పుండు కడిగాము. మూడు దాటేవరకు కదలలేదు. అందుకు ఎవరి సంతకము అక్కరలేకపోయింది.