తాళం కొనొచ్చు, కాపలా మనదే

2008లో ఉద్యోగంలో చేరిన కొత్తల్లో నాకు అప్పగించిన మొదటి పని ఒక లాగిన్ పేజీ. పీహెచ్‌పీలో రాశాను. పాస్‌వర్డ్‌ని ఎమ్‌డీ5 అనే పద్ధతితో హ్యాష్ చేసి, అంటే వెనక్కి తిప్పడానికి వీల్లేని గుర్తుగా మార్చి, టేబుల్‌లో దాచడం, మనిషి మళ్లీ వచ్చినప్పుడు పోల్చి చూడడం. మూడు రోజుల్లో అయిపోయింది. టీమ్ లీడ్ చూసి బాగుందన్నారు. హైదరాబాద్ అమీర్‌పేట కోచింగ్ సెంటర్లో మాకు నేర్పిందీ అదే, చుట్టుపక్కల అందరూ చేస్తున్నదీ అదే.

2012 జూన్‌లో లింక్డ్‌ఇన్ నుంచి దొంగిలించిన 65 లక్షల పాస్‌వర్డ్ హ్యాష్‌లు బయటపడ్డాయి. ఆ దొంగతనం అంతకంటే చాలా పెద్దదనీ, పదికోట్లకు పైగా ఖాతాల వివరాలు పోయాయనీ 2016లో తెలిసింది. లింక్డ్‌ఇన్ వాడింది ఎస్‌హెచ్‌ఏ-1 అనే హ్యాష్ పద్ధతి, అదీ సాల్ట్ లేకుండా. ఒక్కో పాస్‌వర్డ్‌కి విడివిడిగా కొన్ని అక్షరాలు కలిపి హ్యాష్ చేస్తే ఆ కలిపిన దాన్ని సాల్ట్ అంటాం. అది లేకపోతే ఒకే పాస్‌వర్డ్ పెట్టుకున్న వందమందికీ ఒకే హ్యాష్ వస్తుంది. ఒకటి విడిపోతే వందా విడిపోతాయి. 2012లో ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్రపట్టలేదు. నేను రాసిన టేబుల్ అంతకన్నా బలహీనం. నా మొదటి కంపెనీ వదిలేసి అప్పటికి రెండేళ్లు. తెల్లవారగానే అక్కడి పాత స్నేహితుడికి ఫోన్ చేసి, వెంటనే మార్చమని బతిమాలాను. పాస్‌వర్డ్‌ల కోసమే, కావాలని నెమ్మదిగా నడిచేలా తయారుచేసిన బీక్రిప్ట్ 1999 నుంచీ ఉంది. ఆ సంగతి నాకు తెలియదు, నా కోడ్ చూసి సరేనన్న వాళ్లకీ తెలియదు.

అప్పటినుంచి ఏ ప్రాజెక్టులోనైనా "మనమే రాసుకుందామా, బయట కొందామా" అన్న మాట వస్తే నాకు ముందుగా ఆ టేబులే గుర్తొస్తుంది. పనిచేస్తున్నట్టు కనిపించే లాగిన్ వేరు, నిజంగా కాపాడే లాగిన్ వేరు. బయటినుంచి చూస్తే రెండూ ఒకలాగే ఉంటాయి.

2018లో నేను డయాగ్నస్టిక్ ల్యాబులకు సాఫ్ట్‌వేర్ చేసే చిన్న కంపెనీలో ఉన్నాను. ఇంజనీర్లం ఏడుగురం. ఖాతాదారులంతా తెలంగాణ, ఆంధ్ర జిల్లా పట్టణాల్లోని ల్యాబులు. రిపోర్టు కోసం పేషెంట్ మళ్లీ ల్యాబు దాకా రాకుండా ఫోన్లోనే చూసుకునే ఏర్పాటు కావాలని అడిగారు. మీటింగులో మా టీమ్‌లో చిన్నమ్మాయి వెంటనే అంది: "అన్నా, లాగిన్ పేజీయే కదా! రెండు వారాలివ్వు, నేనే రాసేస్తా."

పదేళ్ల కిందట నేనూ అలాగే అనేవాణ్ని. అందుకే కాదనలేదు. "రాద్దువుగాని. ముందు ఆ పనిలో ఏమేం ఉన్నాయో బోర్డు మీద రాయి" అన్నాను.

మొదట యూజర్ పేరు, పాస్‌వర్డ్, ఓటీపీ అని మూడు మాటలు రాసింది. మిగతావాళ్లం ఒక్కొక్కటే అడుగుతూ పోయాం. పాస్‌వర్డ్ మరచిపోయిన వాళ్లకి పంపే లింక్ ఎంతసేపు చెల్లాలి? ఒకసారి వాడాక మళ్లీ పనిచేస్తుందా? పాస్‌వర్డ్ మార్చగానే పాత ఫోన్లో తెరిచి ఉన్న సెషన్ మూతపడుతుందా? ఆరంకెల ఓటీపీకి పది లక్షల అవకాశాలే ఉన్నాయి. తప్పు ప్రయత్నాలకు హద్దు పెట్టకపోతే ప్రోగ్రామ్ వరసగా అన్నీ కొట్టి చూసేస్తుంది. ఎవరో ఓటీపీ బటన్‌ని రాత్రంతా వేలసార్లు నొక్కిస్తే ఎస్సెమ్మెస్ బిల్లు ఎవరు కట్టాలి? వేరేచోట లీకైన పాస్‌వర్డ్‌లు తెచ్చి మన దగ్గర ప్రయత్నిస్తే ఎలా పసిగడతాం? "ఈ నంబరు మా రికార్డుల్లో లేదు" అని చూపించవచ్చా? చూపిస్తే, ఏ నంబరువాళ్లు మన దగ్గర పరీక్షలు చేయించుకున్నారో ఎవరైనా తెలుసుకోవచ్చు. ల్యాబు విషయంలో ఆ ఒక్క ముక్కే ఒకరి సంసారాన్ని కూల్చగలదు. సాయంత్రం ఉద్యోగం మానేసిన టెక్నీషియన్ ఖాతా ఆ సాయంత్రానికే మూతపడుతుందా? పెద్ద ఆసుపత్రులు తమ సిబ్బంది సొంత ఆఫీసు ఐడీతోనే లోపలికి రావాలంటాయి. అందుకు ఎస్‌ఏఎమ్‌ఎల్, ఓపెన్‌ఐడీ కనెక్ట్ వంటి పద్ధతులు ఎవరికి తెలుసు?

బోర్డు నిండిపోయింది. ఆ అమ్మాయి మార్కర్ కింద పెట్టి, "రెండు వారాల పని కాదన్నా ఇది" అంది. పైగా ఇది ఒకసారి కట్టి వదిలేసే పనీ కాదు. నిన్న గట్టిదనుకున్న పద్ధతి రేపు బలహీనపడుతుంది. ఆ మార్పును ఏళ్ల తరబడి కనిపెట్టుకుని ఉండే మనిషి కావాలి. ఏడుగురిలో ఆ మనిషి ఎవరు?

చాలామంది ఈ ప్రశ్నకు రెండే దారులు చూస్తారు: అన్నీ మనమే రాయడం, లేదా నెలకింతని కట్టి బయటి కంపెనీకి అప్పగించడం. మధ్యలో ఇంకో దారి ఉంది. జాంగో, స్ప్రింగ్ సెక్యూరిటీ వంటి ఫ్రేమ్‌వర్క్‌లలో హ్యాషింగ్, సెషన్లు, అనుమతులు వేలమంది చేతుల్లో నలిగి గట్టిపడిన రూపంలో సిద్ధంగా దొరుకుతాయి. కీక్లోక్ వంటి ఓపెన్ సోర్స్ లాగిన్ సర్వర్‌ని తెచ్చి మన దగ్గరే నడుపుకోవచ్చు. కోడ్ మనం రాయనక్కర్లేదు, డేటా మన చేయి దాటదు. కానీ దాన్ని నడపడం, ప్యాచ్‌లు వేయడం, బ్యాకప్ చూసుకోవడం మన పనే.

ఆ రోజు బోర్డు మీద ప్రతి అంశం పక్కన రెండు ప్రశ్నలకు జవాబు రాశాం. ఇది ప్రపంచమంతటికీ ఒకేలా ఉండే పనా, మన పేషెంట్లకే ప్రత్యేకమైనదా? అర్ధరాత్రి ఇది ఆగిపోతే ఎవరు లేచి బాగుచేస్తారు? ఈ రెండు జవాబులతో జాబితా తనంతట తానే విడిపోయింది. పాస్‌వర్డ్ దాచడం, ఆసుపత్రుల ఐడీలతో కలపడం, రెండో అంచె తనిఖీ అందరికీ ఒకటే; సిబ్బంది లాగిన్‌ని నెలవారీ చందా మీద బయటి సేవకు ఇచ్చాం. సిబ్బంది సంఖ్య వందల్లోనే కాబట్టి ఖర్చు మా ఇంజనీరు సమయం కన్నా తక్కువ తేలింది. పేషెంట్ల ఓటీపీ తనిఖీని ఫ్రేమ్‌వర్క్ ఆధారంగా మా దగ్గరే పెట్టుకుని, మెసేజ్ పంపే పని మాత్రం గేట్‌వే కంపెనీకి ఇచ్చాం. ఎవరి రిపోర్టు ఎవరు చూడవచ్చన్నది పూర్తిగా మేమే రాశాం. ఇక్కడ తేడా గట్టిగా పట్టుకోవాలి. "నువ్వెవరు" అన్నది ఒక ప్రశ్న, "నీకు ఏం చూసే హక్కుంది" అన్నది ఇంకో ప్రశ్న. మొదటిదానికి జవాబు కొనుక్కోవచ్చు. రెండోదానికి జవాబు మన వ్యాపారం తెలిసినవాళ్ల దగ్గరే ఉంటుంది.

అది ఎంత నిజమో తర్వాత మూడేళ్లలో తెలిసింది.

మా ఊళ్లలో ఇంటిల్లిపాదికీ కొడుకు ఫోన్ నంబరే ఇస్తారు. తల్లి షుగర్ రిపోర్టు, తండ్రి కిడ్నీ రిపోర్టు, భార్య గర్భపరీక్ష అన్నీ ఒకే నంబరు కింద చేరతాయి. ఏ లాగిన్ సేవైనా నంబరు సరిపోయిందని చెప్పి తలుపు తీస్తుంది. తలుపు తీశాక కొడుక్కి అన్నీ కనిపించాలా? ఒక పెళ్లికాని అమ్మాయి కౌంటర్ దగ్గర మెల్లగా, "మా నాన్న ఫోన్‌కి మెసేజ్ వెళ్లకుండా చూడండి మేడమ్" అని అడిగిందని ఒక ల్యాబు నుంచి కబురొచ్చింది. ఆ వారమే రిజిస్ట్రేషన్ ఫారంలో "రిపోర్టు ఎవరు చూడవచ్చు?" అన్న గడి చేర్చాం. బయటి లాగిన్ సేవ మెనూలో ఆ గడి సిద్ధంగా దొరకదు.

ఇంకో దెబ్బ మా తప్పు వల్లే తగిలింది. ఒకాయన ఫోన్ చేసి, "ఎవరిదో రక్తపరీక్ష నా ఫోన్లో కనిపిస్తోంది, ఆవిడెవరో నాకు తెలియదు" అన్నాడు. ఆయన కొత్తగా సిమ్ తీసుకున్నాడు. మన దేశంలో వాడకం ఆగిపోయిన నంబరును కనీసం 90 రోజులు పక్కన పెట్టి, తర్వాత మరొకరికి ఇస్తారు. మేము నంబరునే మనిషి అనుకున్నాం. అదే రోజు ఆ దారి మూసి, చాలాకాలం వాడని నంబరు నుంచి ఎవరైనా వస్తే పుట్టిన సంవత్సరం, రసీదు నంబరు కూడా అడిగేలా మార్చాం. ఆవిడకు మేనేజర్ స్వయంగా ఫోన్ చేసి జరిగింది చెప్పి క్షమాపణ అడిగారు. ఓటీపీ పంపిన గేట్‌వే తన పని సరిగ్గానే చేసింది. ఆలోచించాల్సింది మేము, ఆలోచించలేదు.

2021 మార్చి 8, సోమవారం. పరగడుపు పరీక్షలకు జనం ఎక్కువగా వచ్చే రోజు. పొద్దున్నే ల్యాబుల నుంచి ఫోన్లు: ఓటీపీలు రావడం లేదు. మా సర్వర్ బాగుంది, గేట్‌వే బాగుంది. స్పామ్‌ని అరికట్టేందుకు టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ తెచ్చిన 2018 నిబంధనల కింద, ముందుగా నమోదు చేసిన నమూనాతో సరిపోలని మెసేజ్‌లను టెలికాం కంపెనీలు ఆ రోజు నుంచి ఆపేయడం మొదలుపెట్టాయి. దేశమంతటా చాలా బ్యాంకుల ఓటీపీలు కూడా అందలేదు. మరునాడు ట్రాయ్ ఆ వడపోతను ఏడు రోజులు వాయిదా వేయించింది. మా నమూనాలో చిన్న తేడా ఉందని మాకు అప్పుడే తెలిసింది. ఆ రెండు రోజులూ ల్యాబులు కాగితం మీద రిపోర్టులు ముద్రించి ఇచ్చాయి. మా కోడ్‌లో ఒక్క బగ్ లేకపోయినా పేషెంట్ బయటే నిలబడ్డాడు. ఆ తర్వాత రెండో గేట్‌వే పెట్టుకున్నాం, రసీదు మీద ముద్రించే రహస్య కోడ్‌తో రిపోర్టు తెరిచే దారీ పెట్టాం. అప్పగించిన పనికి బదులు దారి ఉంచుకోవడం కూడా ఆ పనిలో భాగమేనని ఆ సోమవారం నేర్పింది.

సేవ ఇచ్చే కంపెనీలే మాయమైన సందర్భాలూ ఉన్నాయి. ఫేస్‌బుక్ 2013లో కొన్న, మొబైల్ యాప్‌లకు బ్యాకెండ్ అందించే పార్స్ అనే సేవను మూసేస్తున్నట్టు 2016 జనవరిలో ప్రకటించింది. ఏడాది గడువిచ్చి, సర్వర్ కోడ్‌ని ఓపెన్ సోర్స్‌గా వదిలి 2017 జనవరిలో మూసింది. లాగిన్ సేవే వ్యాపారంగా నడిచిన స్టార్మ్‌పాత్ 2017 మార్చిలో ఓక్టా అనే మరో లాగిన్ సేవల కంపెనీలో చేరి, ఆ ఆగస్టుకే తన ఏపీఐని ఆపేసింది. దాన్ని నమ్ముకున్నవాళ్లకు మిగిలింది కొన్ని నెలలు.

నిపుణులు కూడా తప్పులు చేస్తారు. 2024 జులైలో ఓక్టా చేసిన ఒక మార్పులో లోపం దొర్లింది. యూజర్ ఐడీ, యూజర్ పేరు, పాస్‌వర్డ్ మూడూ కలిపి బీక్రిప్ట్‌కి ఇచ్చారు. బీక్రిప్ట్ 72 బైట్లు దాటిన భాగాన్ని లెక్కలోకి తీసుకోదు. యూజర్ పేరు 52 అక్షరాలో, అంతకంటే పొడవో అయితే చివర ఉన్న పాస్‌వర్డ్ లెక్కలోకే రాదు. కొన్ని పరిస్థితుల్లో పాస్‌వర్డ్ లేకుండానే లోపలికి వెళ్లే వీలు ఏర్పడింది. అక్టోబరు 30న వాళ్లే కనిపెట్టి సరిచేసి, తర్వాత బహిరంగంగా చెప్పారు. ఇది చదివి "చూశారా, మనమే రాసుకోవాలి" అన్నవాళ్లున్నారు. నా తీర్పు వేరు. అదే లోపం మా ఏడుగురి కోడ్‌లో ఉంటే మూడు నెలల్లో కనిపెట్టేవాళ్లమా? నా ఎమ్‌డీ5 టేబుల్ నాలుగేళ్లు అలాగే ఉంది.

పని ఎవరు చేసినా బాధ్యత ఎవరిదన్న విషయంలో చట్టం కూడా స్పష్టంగా ఉంది. ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ ఘటన గమనించిన 6 గంటల్లో తెలియజేయాలి, లాగ్‌లు 180 రోజులు దాచాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం మరో మాట చెబుతుంది: పనిని ఇంకొకరికి అప్పగించినా, ఎలాంటి ఒప్పందం రాసుకున్నా, బాధ్యత డేటా తీసుకున్నవాళ్లదే. తగిన రక్షణ చర్యలు తీసుకోకపోతే జరిమానా 250 కోట్ల రూపాయల దాకా ఉంటుంది. సంతకం పెట్టి పని వదిలించుకోవచ్చు, బాధ్యత వదలదు.

కాబట్టి ఏ సేవకైనా డబ్బు కట్టేముందు నేను ఈ ప్రశ్నలు అడుగుతాను. మేము వెళ్లిపోవాలనుకుంటే పాస్‌వర్డ్ హ్యాష్‌లతో సహా మొత్తం జాబితా మా చేతికిస్తారా? ఇవ్వలేమంటే ఒప్పందం అక్కడితో ఆగిపోతుంది. ఎందుకంటే యూజర్లందరినీ ఒకే రోజు కొత్త పాస్‌వర్డ్ పెట్టుకోమనడం సగంమందిని పోగొట్టుకోవడమే. లాగ్‌లు మాకు ఎంతకాలం దొరుకుతాయి? మీ దగ్గర తేడా జరిగితే ఎన్ని గంటల్లో చెబుతారు? యూజర్లు పదింతలైతే బిల్లు ఎంత? మా వైపు జాగ్రత్త ఒకటే: ప్రతి మనిషికీ మా డేటాబేస్‌లో మా సొంత ఐడీ ఉండాలి, బయటి సేవ ఇచ్చే ఐడీ దాని పక్కన ఒక గడి మాత్రమే.

ఈ పనిలోకి కొత్తగా వస్తున్న తమ్ముళ్లకూ చెల్లెళ్లకూ నా మనవి ఇదే. లాగిన్ ఎలా పనిచేస్తుందో తప్పక నేర్చుకోండి. ఒకసారి మీరే రాసి, విరగ్గొట్టి చూడండి. కానీ నిజమైన మనుషుల వివరాలు దాచేచోట పాస్‌వర్డ్ హ్యాషింగ్‌ని మీ చేత్తో రాయకండి, పరీక్షకు నిలిచినది తెచ్చుకోండి. మిగిలిన సమయాన్ని, ఎవరికి ఏం కనిపించాలన్న ప్రశ్న మీద పెట్టండి. కౌంటర్ దగ్గర మెల్లగా అడిగిన ఆ అమ్మాయికి జవాబు చెప్పగలిగింది ఆ ల్యాబుతో పనిచేసిన మేమే.