కొన్నవారి చేతిలో ఫోను, అమ్మినవారి చేతిలో తాళం

ఒక వస్తువుకు పూర్తి ధర చెల్లించిన తరువాత దానిపై హక్కు కొన్నవారిదే అన్నది అంగడిలో ఎడ్లజతను కొన్న రైతుకు ఎవరూ చెప్పనక్కరలేని న్యాయం. సెల్‌ఫోను విషయంలో మాత్రం ఈ న్యాయానికి తరచు గండి పడుతూ వచ్చింది. ఒక కంపెనీ అమ్మిన ఫోనులో మరో కంపెనీ సిమ్ పనిచేయకుండా సాఫ్ట్‌వేర్‌తో విధించే కట్టడిని లాక్ అని, దానిని తొలగించడాన్ని అన్‌లాక్ అని అంటారు. అమెరికాలో ఈ లాక్‌కు రెండేళ్ల ఒప్పందం తోడైతే, మన దేశంలో అది ఎక్కువగా చౌక ఫోను రూపంలో వచ్చింది.

2003 జులైలో రిలయన్స్ ఇన్ఫోకామ్ ముందుగా 501 రూపాయలు కట్టించుకొని, మిగిలినది నెలవారీగా చెల్లించే పద్ధతిలో ఫోన్లు ఇచ్చినప్పుడు, అంతవరకు సెల్‌ఫోను పెద్దల సొత్తనుకున్న కుటుంబాలకు అది అందుబాటులోకి వచ్చిన మాట నిజం. అయితే సీడీఎంఏ అనే సాంకేతిక పద్ధతిలో నడిచే ఆ ఫోను వెనుక మూత తీసి, బ్యాటరీ తొలగించి చూస్తే సిమ్ పెట్టే చోటే ఉండేది కాదు. నంబరును కంపెనీయే ఫోను జ్ఞాపకంలో నమోదు చేసేది కనుక, కంపెనీ మారాలంటే ఫోనునే వదులుకోవలసి వచ్చేది. 2017 జులైలో 1,500 రూపాయల డిపాజిట్‌తో ప్రకటించిన జియోఫోనులో సిమ్‌కు చోటున్నా, అందులో జియో తప్ప వేరొక సిమ్ పనిచేయదు.

ఫోనుకు లాక్ లేనివారిని నంబరు కట్టిపడేసింది. బ్యాంకుకు, బంధువులకు, బేరగాళ్లకు తెలిసిన నంబరును వదులుకోలేక నచ్చని సేవనే భరించినవారికి, 2011 జనవరి 20న దేశమంతటా అమలైన పోర్టింగ్, అంటే నంబరు మారకుండా కంపెనీ మారే సౌకర్యం, పెద్ద ఊరట. పోర్ట్ అని ఇంగ్లిషులో టైపు చేసి, ఖాళీ వదిలి, తమ నంబరును 1900కు పంపితే వచ్చే కోడ్‌తో మారవచ్చు.

అయినా వ్యాలిడిటీ, అంటే రీచార్జి చెల్లుబాటయ్యే గడువు, కొత్త బంధమైంది. ఇరవై ఎనిమిది రోజుల ప్యాక్‌తో ఏడాదికి పన్నెండు కాదు, పదమూడు రీచార్జులు అవసరమవుతాయి; గడువు దాటితే కొద్దిరోజులకు వచ్చే కాల్స్ కూడా ఆగిపోతాయి. ఉత్తర తెలంగాణలో గల్ఫ్‌కు వెళ్లిన కొడుకు ఫోను కోసం ఎదురుచూసే తల్లి, తాను ఎవరికీ కాల్ చేయకపోయినా, ఆ ఒక్క పిలుపు అందుకోవడానికే డబ్బు కడుతూ ఉండాలి. డేటా అక్కరలేని ఇలాంటివారి కోసం మాటలకు, మెసేజ్‌లకు మాత్రమే పరిమితమైన ప్యాక్‌లు తప్పక ఇవ్వాలని, వాటి గడువు 365 రోజుల దాకా ఉండవచ్చని ట్రాయ్, అంటే టెలికాం నియంత్రణ సంస్థ, 2024 డిసెంబరులో ఆదేశించింది. అంతకుముందు, 2022 ఫిబ్రవరి 16న, టెలికాం కంపెనీలపై వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించవచ్చని సుప్రీంకోర్టు వొడాఫోన్ ఐడియా కేసులో తేల్చిచెప్పింది. హక్కులు కాగితంపై ఉన్నాయి. వాటిని రీచార్జి కొట్టు దాకా తీసుకురావడమే మిగిలిన పని.

లాక్ విషయంలో ఇతర దేశాలు మరింత ముందుకు వెళ్లాయి. అమెరికా 2014లో అన్‌లాక్‌ను చట్టబద్ధం చేయగా, బ్రిటన్ 2021 డిసెంబరు నుంచి కంపెనీలు లాక్ వేసిన ఫోన్లను అమ్మడాన్నే నిషేధించింది. తక్కువ ధరకు ఇస్తున్నందుకు కొంతకాలం కట్టడి అవసరమని కంపెనీలు చెప్పే వాదనలో కొంత న్యాయమున్నా, బాకీ తీరిన మరునాటి నుంచి ఆ వాదనకు బలం లేదు. పూర్తి ధర చెల్లించిన ఫోను ఏ సిమ్‌తోనైనా పనిచేయాలన్న స్పష్టమైన నియమం ఇక్కడా రావాలి. అది వచ్చేదాకా ఫోను కొనే ప్రతివారూ "వేరే సిమ్ నడుస్తదా?" అని దుకాణంలోనే అడగాలి, జవాబును బిల్లుపై రాయించుకోవాలి, ఆ బిల్లును భద్రపరచాలి, రేపు కమిషన్ ముందు నిలబడవలసి వస్తే సాక్ష్యంగా పనికివచ్చేది అదే.