పులిరాజా మాకు చెప్పనిది

2000ల తొలి ఏళ్ళలో తెలుగునాట గోడల మీద, కూడళ్ళలోని పెద్ద పలకల మీద ఒక ప్రశ్న వెలిసింది: "పులిరాజాకు ఎయిడ్స్ వస్తుందా?" ఆ పులిరాజా ఎవరో మొదట ఎవరికీ తెలియదు. బడిపిల్లలు సైతం ఆ మాటతో ఒకరినొకరు ఆటపట్టించుకున్నారు. అంతమంది నోళ్ళలో నానిన ఆరోగ్య ప్రకటన మరొకటి నాకు గుర్తు లేదు. ఆ గొప్పను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. అయితే ఆ ప్రశ్నలో ఒక ఖాళీ ఉండిపోయింది. పులిరాజా వెళ్ళేది ఆడవాళ్ళ దగ్గరికి. మగవాడి దగ్గరికి వెళ్ళే మగవాడు ఆ పలక మీద ఎక్కడా లేడు.

నేను ఆ పలక మీద లేని మగవాణ్ణి. పుట్టి పెరిగింది ఉమ్మడి నల్లగొండ జిల్లాలో. (2016లో జిల్లాలు విడిపోయినప్పుడు మా ఊరు ఎటు పోయిందో చెప్పను; చెబితే ఊరు కనుక్కోవడం తేలిక, ఊరు తెలిస్తే మనిషిని కనుక్కోవడం మరీ తేలిక.) ఇన్నాళ్ళూ ఇక్కడ పుస్తకాల గురించి, మా వైపు పలుకుబడుల గురించి రాస్తూ వచ్చాను. ఈ టపా కూడా ఒక రకంగా మాటల గురించే. ఒక మాట లేకపోవడం వల్ల మనుషులకు ఏమవుతుందో చెప్పాలని ఉంది.

హైదరాబాదులో నాకొక స్నేహితుడు ఉండేవాడు. పాలమూరు వైపు వాడు, కట్టుబడి మేస్త్రీ. వాళ్ళ ఊరి నుంచి సగం మంది ముంబైకి, పుణెకు వలస పోయేవారు. ఇతడు హైదరాబాదుతో సరిపెట్టుకున్నాడు. ఒకనాడు నేను పరీక్షల ప్రస్తావన తెస్తే నవ్వేశాడు.

"అన్నా, ఆడోళ్ళ తాన పోతెనే వస్తదట గద! మనకేంది?"

అది మూర్ఖత్వం అనుకుంటే పొరపాటు. అతడికి అందిన సమాచారం నుంచి అతడు తీసిన తర్కబద్ధమైన ముగింపు అది. గోడమీది బొమ్మ ఆడదాని గురించి హెచ్చరించింది. సూది గురించి, రక్తం గురించి చెప్పింది. మగవాడి గురించి చెప్పలేదు. చెప్పలేదంటే ప్రమాదం లేదనే కదా అర్థం! ఇక నిరోధ్ సంగతి. 1968లో ప్రభుత్వం దానిని తెచ్చింది కుటుంబ నియంత్రణ కోసం. ఎర్ర త్రికోణం పక్కన నిలబడి, మా ఊళ్ళలో దానికి స్థిరపడిన అర్థం ఒక్కటే: పిల్లలు పుట్టకుండా వేసుకునేది. ఇద్దరు మగవాళ్ళకు పిల్లలు పుట్టే ప్రసక్తే లేనప్పుడు నిరోధ్ దేనికి? ఈ రెండు వాక్యాలనూ కలిపితే వచ్చేది నా స్నేహితుడి నవ్వు.

నిజం దీనికి నేరుగా ఎదురు. గుదమార్గంలోని లోపలి పొర చాలా పలుచన. తేలికగా గీరుకుపోతుంది, వైరస్ పట్టుకునే కణాలు అక్కడ దండిగా ఉంటాయి. అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ లెక్కల ప్రకారం, వైరస్ ఉండి మందులు వాడని భాగస్వామితో రక్షణ లేని కలయికలు 10,000 జరిగితే, యోనిమార్గంలో స్వీకరించే స్త్రీకి సోకే అవకాశం సుమారు 8 సార్లు, గుదమార్గంలో స్వీకరించే మనిషికి సుమారు 138 సార్లు. పైగా మావాళ్ళు అందుబాటులో ఉన్న కొబ్బరి నూనె వాడతారు. నూనె తగిలితే రబ్బరు తొడుగు బలహీనపడి చిరిగిపోతుంది. నీటితో చేసిన జెల్ వాడాలి. ఎంత చిన్న సంగతి! ఆ ఒక్క వాక్యం ఏ గోడ మీదా నేను చదవలేదు.

నల్లగొండవాళ్ళకు ఈ విషయం చెప్పడానికి నాకొక పోలిక ఉంది. మా జిల్లా బావుల నీళ్ళు తేటగా ఉండేవి. రంగు లేదు, వాసన లేదు. ఆ తేట నీళ్ళు తాగినవాళ్ళకే పళ్ళు గారపట్టాయి, ఎముకలు వంగిపోయాయి. అందులో ఫ్లోరైడ్ ఉందని కంటితో చూసి ఎవరూ చెప్పలేకపోయారు; పరీక్ష చేస్తేనే తెలిసింది. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తీసే పద్ధతికి "నల్లగొండ టెక్నిక్" అని మా ఊరి పేరే పెట్టారు. హెచ్ఐవి ఉన్న మనిషి కూడా ఏళ్ళ తరబడి తేట నీళ్ళలాగే కనిపిస్తాడు. "మంచిగున్నడు, దుక్కలెక్క ఉన్నడు, వానికేం రోగం" అన్న మాట నేను లెక్కలేనన్ని సార్లు విన్నాను. ఫ్లోరైడ్ నీళ్ళు తాగి పెరిగిన జిల్లాలో ఆ మాట వినవలసి రావడం నాకు వింతగా ఉంటుంది.

ఇక పేర్ల సంగతి. ఆసుపత్రి రికార్డులో మా పేరు మూడు ఇంగ్లీషు అక్షరాలు: ఎమ్మెస్సెమ్. పత్రికలలో "స్వలింగ సంపర్కులు". ఈ మాట మనిషిని వదిలిపెట్టి పనిని మాత్రం పట్టుకుంటుంది. పెళ్ళయిన జంటను "భిన్నలింగ సంపర్కులు" అని పరిచయం చేస్తే ఎలా ఉంటుందో ఊహించండి. మాలో మేము చెప్పుకునే "కోతి", "పంతి" అనే మాటలు దేశమంతటా ఉన్నవే; కానీ తెలుగులోకి వచ్చేసరికి కోతి అంటే కొమ్మ మీది కోతే. అసలు వెక్కిరింపు లేని పేరు ఒక్కటి దొరకక, తనకు తాను జంతువు పేరు పెట్టుకుని కౌన్సెలింగ్ గదిలోకి వెళ్ళవలసి వచ్చిన కుర్రవాళ్ళను నేనెరుగుదును. రోగాలకు పెట్టిన పేరు చూడండి: "సుఖవ్యాధులు". సవాయి వచ్చినా సెగ వచ్చినా, నువ్వు సుఖపడ్డావు కనుక అనుభవించు అన్న తీర్పు పేరులోనే ఉంది. మా జాతరలలో చీర కట్టి పూనకంతో ఊగే మగ శివసత్తి కాళ్ళకు మొక్కే జనమే, జాతర ముగిశాక అదే మనిషిని బస్టాండులో ఈసడించుకుంటారు. దేవుడి పక్కన నిలబడినప్పుడు దొరికిన పేరు ఆసుపత్రి వరుసలో నిలబడినప్పుడు దొరకదు.

నా మేస్త్రీ స్నేహితుడికి పెళ్ళయింది. మా వైపు మావంటివాళ్ళలో ఎక్కువమందికి అవుతుంది. వద్దనడానికి కారణం చెప్పాలి, ఆ కారణానికి మాట లేదు. 2015లో అతడి భార్య గర్భవతి. ప్రభుత్వాసుపత్రిలో గర్భిణులందరికీ చేసే పరీక్షలో ఆమెకు హెచ్ఐవి ఉందని తేలింది. ఇక్కడొక విషాదం ఉంది, ఇది ఆ ఒక్క ఇంటిది కాదు. మగవాడు పరీక్షకు పోడు. గర్భం వల్ల ఆడది పోతుంది. కనుక ఇంట్లో మొదట బయటపడేది ఆమె పేరు. మొదట బయటపడినదే మొదట వచ్చినట్లు లెక్క. తల్లిగారింటి నుంచే తెచ్చిందన్నారు. పంపించెయ్యమన్నారు.

అతడు రాత్రిపూట ఫోను చేసి, "అన్నా, అందరు దాన్నే అంటున్రు" అన్నాడు. ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. నేనూ ఏమీ అనలేదు. చెప్పవలసినది అతడికి తెలుసు. ఆ వారం మేమిద్దరం కలిసి పరీక్షకు వెళ్ళాము. అతడికి ఉన్నట్లు తేలింది. (నా ఫలితం మీకు చెప్పను. అడగవద్దని కాదు, ఆ ఫలితం ఏదైనా మీరు నన్ను చూసే తీరు మారకూడదు కనుక.) ఫలితం చేతికి వచ్చిన మర్నాడు అతడు ఊరికి పోయి, పెద్దల ముందు, రోగం నాది, నా నుంచే ఆమెకు పోయింది అని చెప్పాడు. ఎవరి నుంచి వచ్చిందో మాత్రం చెప్పలేదు. అది ఆ రాత్రి భార్యకు ఒక్కదానికే చెప్పుకున్నాడట. ఆమె అన్న మాటను అతడే నాకు తర్వాత చెప్పాడు: "ముందుగాల కడుపుల పిల్ల సంగతి చెప్పు. నీ సంగతి ఎన్క."

పిల్ల సంగతి బాగానే జరిగింది. అప్పటికి గర్భిణులకు ఆలస్యం లేకుండా మందులు మొదలుపెట్టి, జీవితాంతం కొనసాగించే విధానం వచ్చింది. పద్దెనిమిది నెలలు నిండాక చేసిన చివరి పరీక్షలో పిల్లకు ఏమీ లేదు. ఆ భార్యాభర్తలు ఇప్పటికీ కలిసే ఉన్నారు. ఎలా ఉన్నారన్నది వాళ్ళిద్దరి విషయం. నేను తీర్పరిని కాను. ఒక్కటి మాత్రం అంటాను. పెళ్ళికి ముందే అతడికి ఎవరైనా సరైన వాక్యం ఒకటి చెప్పి ఉంటే, తను కోరని ప్రమాదం ఆమె నెత్తిన పడేది కాదు. మావాళ్ళ ఆరోగ్యం మా ఒక్కరిదే అనుకునేవారు ఆమె గురించి ఆలోచించాలి.

ఇదంతా చట్టానికి తెలియక కాదు. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ మీద ఢిల్లీ హైకోర్టులో వాదం నడుస్తున్నప్పుడు, ఒకే ప్రభుత్వం రెండు నోళ్ళతో మాట్లాడింది. హోంశాఖ ఆ సెక్షన్ ఉండాలన్నది. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ మాత్రం, భయంతో మనుషులు దాక్కుంటున్నారు, దాక్కున్నవారికి నివారణ అందించలేకపోతున్నామని 2006లో ప్రమాణపత్రం సమర్పించింది. 2009 జూలై 2న హైకోర్టు ఆ నేరం తీసేసింది. 2013 డిసెంబరు 11న సుప్రీంకోర్టు దానిని మళ్ళీ తగిలించింది. 2018 సెప్టెంబరు 6న మళ్ళీ తీసేసింది. నాలుగు రోజుల తర్వాత, సెప్టెంబరు 10న, 2017 నాటి హెచ్ఐవి చట్టం అమలులోకి వచ్చింది. అనుమతి లేకుండా పరీక్ష చేయరాదని, ఫలితం బయటపెట్టరాదని, ఆ కారణంతో ఉద్యోగం నుంచి తీయరాదని అది చెబుతుంది. మా వైపు వాళ్ళలో ఎంతమందికి ఈ రెండు తేదీలు తెలుసు?

నా అనుమానం ఒకటి ఉండేది: మావాళ్ళలో రోగం ఎక్కువంటే మావాళ్ళ నడతే కారణమేమో అని. 2017 నాటి జాతీయ సర్వేలో పురుషులతో సంబంధాలున్న పురుషులలో హెచ్ఐవి సుమారు 2.7 శాతం, దేశంలోని వయోజనులందరిలో 0.2 శాతం. అనుమానం తీర్చినవి అమెరికాలోని నల్లజాతి గే పురుషుల మీద జరిగిన అధ్యయనాలు. ఆనాటి వేగమే సాగితే వారిలో ప్రతి ఇద్దరిలో ఒకరికి జీవితకాలంలో హెచ్ఐవి నిర్ధారణ అవుతుందని 2016లో అక్కడి వ్యాధి నియంత్రణ సంస్థ అంచనా వేసింది. అయితే వారు తెల్లవారికంటే ఎక్కువ ప్రమాదకరంగా ప్రవర్తిస్తున్నారా అని గ్రెగోరియో మిల్లెట్ ప్రభృతులు పరిశోధనలన్నీ జల్లెడపడితే, లేదని తేలింది. తేడా పరీక్ష ఆలస్యం కావడంలో, మందు అందకపోవడంలో, చిన్న గుంపులోనే భాగస్వాములు దొరకడంలో ఉంది. అట్లాంటా వీధికీ జడ్చర్ల చౌరస్తాకూ పోలిక ఏమిటని అడగవచ్చు. తలుపు మూసి ఉండడమే పోలిక.

జడ్చర్ల అన్నాను కనుక మరొక మాట. ఆ పక్కనే పోలేపల్లి. అక్కడి రైతుల భూములు పోయి ప్రత్యేక ఆర్థిక మండలి వచ్చిన కథ మీలో చాలామందికి తెలుసు. ప్రపంచానికి హెచ్ఐవి మందులు అందించే పెద్ద కంపెనీలలో హెటిరో, అరబిందో రెండూ హైదరాబాదువే. రెండింటికీ పోలేపల్లిలో కర్మాగారాలున్నాయి. రోగం రాకుండా ముందే వేసుకునే ప్రెప్ మాత్రల గురించి మన దేశంలో 2022లో మార్గదర్శకాలు వచ్చాయి. ఆరు నెలలకొక సూదితో రక్షణనిచ్చే లెనకాపవిర్‌కు 2025 జూన్‌లో అమెరికా అనుమతి లభించింది. ఏడాదికి సుమారు 40 డాలర్లకు 2027 నుంచి పేద, మధ్యాదాయ దేశాలకు ఇస్తామని ముందుకు వచ్చినవి హెటిరో, డాక్టర్ రెడ్డీస్. ఇవీ హైదరాబాదువే. అదే 2025 జనవరిలో, అమెరికా సాయం ఆగడంతో, హైదరాబాదులో ట్రాన్స్‌జెండర్ల కోసం 2021లో తెరిచిన మిత్ర్ క్లినిక్ మూతపడింది. మందు మన మట్టి మీదే తయారవుతుంది. ఆ మందుకూ ఆ మేస్త్రీకీ నడుమ ఉన్నది యాభై మైళ్ళ దూరం, ఒక మాట.

అందుకని తెలిసిన మాటలు నాలుగు ఇక్కడ పెడుతున్నాను. నల్లగొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ ప్రభుత్వాసుపత్రులలో పరీక్ష, మందు రెండూ ఉచితం. 2017 నుంచి మన దేశంలో ఎవరికి హెచ్ఐవి అని తేలినా వెంటనే మందులు మొదలుపెడతారు. మందులు క్రమంగా వేసుకుని రక్తంలో వైరస్ కనిపించని స్థాయికి వస్తే, కలయిక ద్వారా అది మరొకరికి సోకదు. 2019లో వెలువడిన పార్టనర్ అధ్యయనంలో 782 మగ జంటలను గమనించారు; తొడుగు లేని కలయికలు 76,000 పైచిలుకు, మందు వాడే భాగస్వామి నుంచి సోకినవి సున్నా. 1097కు ఫోను చేస్తే డబ్బు పడదు. అడగదలచినది తెలుగులో అడగవచ్చు.

మీరంతా ఇంగ్లీషు మాట ఎదురైనప్పుడల్లా దానికి తెలుగు వెతికేవారు. కంప్యూటరుకు, జాలానికి, మీటకు, తెరకు పేర్లు పెట్టిన చేతులు ఇవి. పల్లెలో మేస్త్రీ పని చేసుకునే కుర్రవాడు, నర్సమ్మ ముందు తల దించుకోకుండా తన గురించి చెప్పుకోగలిగే మాట ఒకటి కావాలి. చిన్నదై ఉండాలి; వెక్కిరింపు కానీ, తీర్పు కానీ అందులో ఉండకూడదు; వాళ్ళమ్మ విన్నా అర్థం కావాలి. నాకు ఇప్పటిదాకా దొరకలేదు. మీకు తోస్తే రాయండి.