తడి బనీను మీద దళసరి స్వెట్టరు

గద్వాల నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. డిగ్రీ చదువుతున్న వాళ్ళబ్బాయి వేసవి సెలవుల్లో కాలేజీ పిల్లలతో కలిసి హిమాలయాల్లో కొండలెక్కడానికి వెళుతున్నాడట. వెంట తెచ్చుకోవలసిన వస్తువుల పట్టీ ఒకటి ఇచ్చారట. అందులో "గ్రిడ్ ఫ్లీస్ బేస్ లేయర్లు, రెండు" అని వుంది. పట్నంలో విచారిస్తే ఒక్కొక్కటి వేలల్లో చెప్పారు. "మాది నేత పని. రెండు బనీన్ల కోసం అంత డబ్బు పొయ్యాలా? మామూలు బనీను వేసి, దానిమీద మంచి దళసరి స్వెట్టరు తొడిగి పంపితే చాలదా?" అని ఆమె ప్రశ్న.

చాలదమ్మా. అలాగని వేలు పొయ్యనూ అక్కర్లేదు.

ఈ రెండు ముక్కలూ రాసి ఊరుకుందామనుకున్నాను. ఇంతలో సంక్రాంతికి మీ వైపే ప్రయాణం తగిలింది. వనపర్తిలో మా మేనమామ వున్నాడు. ఉమామహేశ్వరం జాతరకు తీసుకుపోతానని మూడేళ్ళుగా పిలుస్తున్నాడు. సరే, జవాబును దారిలోనే ఏరుకుందామని బయలుదేరాను.

పాలమూరు అనగానే మనకు ఎండలే గుర్తుకొస్తాయి. కాని పుష్యమాసంలో తెల్లవారకముందు గద్వాల స్టేషనులో రైలు దిగి చూడండి. టీ బడ్డీ చుట్టూ మూగినవాళ్ళలో చెవులకు తువ్వాలు చుట్టుకోనివాడు లేడు. బయటి గాలికి ఆనక నిలబడ్డ పిల్లల పళ్ళు టకటకమంటున్నాయి. మధ్యాహ్నానికి ఇదే ఊళ్ళో చొక్కా విప్పి విసురుకుంటారు. పగటికీ రాత్రికీ ఇంత తేడా వున్నచోటనే ఒంటిమీద బట్ట సంగతి బాగా తెలుస్తుంది.

గద్వాల చీర మీకు తెలియనిది కాదు. ఒళ్ళంతా నూలు, అంచూ కొంగూ పట్టు. మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్న ఒక పెద్దాయనను, నూలు గుణమేమిటని అడిగాను. "నూలు నీళ్ళు తాగుతది సార్. తాగినంక జల్ది ఇడువది" అన్నాడు. నేను చెప్పదలచుకున్న శాస్త్రమంతా ఆ మాటలోనే వుంది.

మన ఎండలకు నూలును మించిన బట్ట లేదు. చెమటను పీల్చుకుంటుంది, నెమ్మదిగా ఆరుతుంది. ఆరేటప్పుడు ఒంట్లోని వేడిని లాక్కుపోతుంది. ఒక గ్రాము చెమట ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. అంటే బనీనులో వంద గ్రాముల తడి వుంటే, అది ఆరేలోగా 58 కిలో కేలరీలు ఖర్చు. చిన్న అరటిపండు ఒకటి తింటే వచ్చే శక్తి దాదాపు అంతే. అందులో చాలా భాగం మీ ఒంటినుంచే పోతుంది. వైశాఖంలో ఇది వరం. మంచుకొండ మీద ఇదే శాపం. పైన ఎంత దళసరి స్వెట్టరు వేసినా, లోపల తడిబట్ట ఒంటికి అంటుకుని వుంటే, ఇంటి తలుపులన్నీ బిగించి లోపల నీళ్ళు చల్లుకున్నట్టే. నీరు గాలికన్నా సుమారు ఇరవై అయిదు రెట్లు వేగంగా వేడిని లాగుతుంది. బట్టలో వెచ్చదనమిచ్చేది దారం కాదు, దారాల మధ్య చిక్కుకున్న గాలి. ఆ గాలి వుండవలసిన చోట నీళ్ళు చేరితే ఇక వెచ్చదనమెక్కడిది?

ఆ గ్రిడ్ ఫ్లీస్ అనేది ఏమిటో కూడా చెప్పాలి. నేను హైదరాబాదులో ఒకటి తిరగేసి చూశాను. పాలియెస్టర్ దారంతో అల్లిన పల్చటి బట్ట. పైన నున్నగా వుంటుంది. లోపలి వైపు తిప్పితే, చిన్న చిన్న చదరాలుగా మెత్తటి నూగు. చదరానికీ చదరానికీ మధ్య సన్నటి కాలువలు. మన వరి మళ్ళను తలకిందులు చేసినట్టు, మడి ఎత్తుగా, గట్టు పల్లంగా వున్నదనుకోండి. ఎత్తుగా వున్న నూగు మాత్రమే ఒంటికి తగులుతుంది. కూర్చున్నప్పుడు కాలువల్లో గాలి నిలిచి వెచ్చగా వుంచుతుంది. నడిచేటప్పుడు అదే దారిన చెమట ఆవిరి బయటికి పోతుంది. పొడి గుడ్డ మామూలు గాలిలోని తేమను ఎంత పీలుస్తుందో లెక్క కట్టారు: నూలు తన బరువులో నూటికి ఎనిమిది పాళ్ళు, ఉన్ని పదహారు, పాలియెస్టర్ అర పాలు కూడా కాదు. ఉన్నికి ఇంకో సుగుణముంది. తడిసినా కొంత వెచ్చదనం నిలుపుకుంటుంది.

ఈ ఫ్లీస్ అమెరికాలో 1979లో ఒక బట్టల మిల్లువారు తయారుచేసిన సరుకు. దానికి వాళ్ళు పేటెంటు తీసుకోలేదు. అందుచేత ప్రపంచమంతటా ఎవరికి వారు అల్లుకున్నారు, ధర దిగివచ్చింది. పేరున్న కంపెనీ గుర్తు వేసిన వాటికే ఆ వేలు.

బీచుపల్లి వంతెన మీద కృష్ణ దాటేటప్పటికి పొద్దు పొడుస్తున్నది. రేవులో మునిగి లేచిన ఆడవాళ్ళు ఒకరి వెనక ఒకరు తడిచీరలతో మెట్లెక్కుతున్నారు. పొడిబట్ట చేతికందేదాకా ఎవరూ మాట్లాడటం లేదు. పెబ్బేరు దాటాక రోడ్డు పక్కన గొర్రెల మంద, దాని వెనక గొంగడి కప్పుకున్న కాపరి.

గొంగడి గురించి కాస్త ఆగి చెప్పుకోవాలి. దక్కని జాతి నల్లగొర్రె ఉన్ని కత్తిరించి, వడికి, చింతగింజల గంజి పెట్టి కురుమలు నేసే గొంగడి ఈ మూడు జిల్లాల్లోనూ కాపరికి ఇల్లు. వానలో గొడుగు, రాత్రికి పక్క. ఇప్పుడు మాంసం కోసం ఉన్నిలేని నెల్లూరు జాతిని కలిపిన మందలే ఎక్కువ కావడంతో మంచి గొంగళ్ళు తగ్గాయి. నాకు ఇది బాధగానే వుంది. అయితే సోదరి అడగవచ్చు: ఆ ఉన్నితోనే లోపలి చొక్కా కుట్టించకూడదా? అది కుదరదు. 30 మైక్రాన్లకు మించి లావున్న పోగు చర్మానికి గుచ్చుకుంటుంది. మన గొర్రె ఉన్నిలో ముతక పోగే ఎక్కువ. మెరినో గొర్రె ఉన్ని 20 మైక్రాన్లకు అటూ ఇటూ వుంటుంది గనుక ఒంటిమీద వేసుకుంటారు, కాని దాని ధర ఫ్లీసును మించినది. గొంగడి పైన కప్పుకునేందుకే.

వనపర్తిలో మామ అప్పటికే తయారై కూర్చున్నాడు. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. నూలు బనీను, నూలు చొక్కా, వాటిమీద లూధియానా స్వెట్టరు. వాళ్ళ నాన్ననాటి గొంగడి ఒకటి మడిచి జీపులో వేశాడు. "ఇంత బరువెందుకు మామా?" అని నవ్వాను.

"నవ్వు పిల్లగా, నవ్వు. రాత్రి మన్ననూర్ల పండుకున్నప్పుడు నువ్వే గుంజుకుంటవు" అన్నాడు.

బిజినేపల్లి, నాగర్ కర్నూలు, అచ్చంపేట దాటి రంగాపురం చేరాం. అక్కడి నుంచి నల్లమల అంచున ఉమామహేశ్వరం. పెద్ద కొండచరియ గొడుగు పట్టినట్టు వుంటుంది, దాని కింద శివుడు. చరియ వెంబడి పోతే పాపనాశనం. రాతిలోనుంచి ఏడాది పొడుగునా నీరు ఊరుతూనే వుంటుంది. జాతర జనం. మామ వద్దంటే వినక మెట్లెక్కే వచ్చాడు, చెమటలు పట్టాయి. పాపనాశనంలో నాలుగు చెంబులు నెత్తిన పోసుకున్నాడు. పంచె మార్చాడు గాని, బనీను తీయలేదు. పిండి, దానిమీదనే చొక్కా, స్వెట్టరు వేసుకున్నాడు. మబ్బు పట్టి వుంది, చరియను ఆనుకుని గాలి వీస్తున్నది.

ఒక గంట గడిచింది. ముందు వణికాడు. తరవాత ప్రసాదం పొట్లం ముడి విప్పబోతే వేళ్ళు ఆడలేదు. "ఏమైంది మామా?" అంటే, "ఏం గాలే" అన్న మాట ముద్దగా వచ్చింది. నాకు గుండె జారింది. వయసు మళ్ళినవాళ్ళకు మంచు పడనక్కర్లేదు. తడి, గాలి, పది పన్నెండు డిగ్రీల చలి, ఈ మూడూ కలిస్తే చాలు, ఒంటివేడి దిగిపోవచ్చు. మామూలుగా 37 డిగ్రీలుండే వేడి 35కు దిగువైతే ప్రమాదం. మన ఇళ్ళల్లోని పాత జ్వరం గొట్టాలు 35 నుంచే మొదలవుతాయి, అంతకు దిగితే అవి చెప్పలేవు. కనుక మనిషిని చూసే పోల్చుకోవాలి: వణుకు, తడబడే వేళ్ళు, ముద్దమాట, మగత. వణుకు ఆగిపోయి మగత ఎక్కువైతే, నెమ్మదించిందని సంతోషించకండి. వెంటనే 108కి ఫోను చేయాలి.

గాలి తగలని చోటికి తీసుకుపోయి తడివన్నీ విప్పించాను. తువ్వాలుతో అద్ది, నా పొడి చొక్కా వేసి, గొంగడి రెండు మడతలు చుట్టాను. తెలివిలో వున్నాడు, మింగగలుగుతున్నాడు గనుక, చక్కెర ఎక్కువ వేయించిన వేడి టీ కొద్దికొద్దిగా పట్టాను. ఎవరో పెద్దమనిషి "కొంచెం బ్రాందీ పోయండి" అన్నాడు. వద్దు. మందు తాగితే చర్మంలోని రక్తనాళాలు విచ్చుకుని వెచ్చగా అనిపిస్తుంది, లోపలి వేడి మాత్రం బయటికి పోతుంది. ఇంకొకాయన కాళ్ళు చేతులు గట్టిగా రుద్దబోయాడు. అదీ వద్దు. మంట దగ్గర కూర్చోబెట్టడమూ వద్దు. అరగంటకు మామ మాట తేటపడింది. "గొంగడి బరువన్నవు గదరా" అన్నది మొదటి మాట.

మన్ననూరులో ఆ రాత్రి చలిమంట చుట్టూ కూర్చున్నప్పుడు ఇంకో సంగతి కనిపించింది. ఒక కుర్రవాడు ఫ్లీస్ కోటు వేసుకుని మంటలోకి వంగి పుల్లలు ఎగదోస్తున్నాడు. వెనక్కి లాగాను. పాలియెస్టర్ నిప్పు తగిలితే కరిగి చర్మానికి అంటుకుంటుంది. ఈ బట్టలు వేసుకున్నవాళ్ళు మంటకు రెండు బారలు ఎడంగా వుండాలి. ఒకవేళ కాలితే, ఆ చోటును ఇరవై నిమిషాలు చల్లటి పారేనీటి కింద వుంచండి. అంటుకున్న గుడ్డను పీకకండి. టూత్ పేస్టు, సిరా, పిండి పుయ్యకుండా ఆస్పత్రికి తీసుకుపోండి. అలాగే కుంపటి గదిలో పెట్టి తలుపులు మూసుకుని పడుకోవద్దు. ఆ పొగలోని విషవాయువుకు వాసన వుండదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

ఇక సోదరి ప్రశ్నకు వస్తాను. మన పిల్లలు ఎత్తైన కొండలెక్కడం ఇప్పుడు వింత కాదు. నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబంలో పుట్టిన మాలావత్ పూర్ణ భువనగిరి గుట్టమీద ఎక్కడం నేర్చుకుని, పద్నాలుగేళ్ళు నిండకుండానే 2014 మే 25న ఎవరెస్టు మీద నిలబడింది. పంపండి. ధైర్యంగా పంపండి. కాని ఒంటికి తగిలే బట్ట నూలుది కాకూడదు, ఒంటిని పట్టి వుండాలి, త్వరగా ఆరాలి. ఈ మూడు గుణాలూ వున్నది ఎక్కడ దొరుకుతుందంటే, వనపర్తిలో నేను చూసిన ఆటసామాన్ల దుకాణంలో. కబడ్డీ, వాలీబాలు ఆడే పిల్లలు వేసుకునే పాలియెస్టర్ బనీను, పొడుగుచేతులది, కొన్ని వందల్లో వస్తుంది. మీ ఇంట్లోనే పాతది వుండవచ్చు, వెతకండి. దానిమీద పల్చటి ఫ్లీస్ చొక్కా. చలికాలంలో రోడ్డు పక్కన టిబెటన్లు, నేపాలీలు పరిచే స్వెట్టర్ల గుట్టల్లో ఇవి వుంటాయి. లోపలివైపు గళ్ళుగా వున్నది దొరికితే మీ అదృష్టం, గళ్ళు లేకపోయినా కొంపమునగదు. వేసవిదాకా ఆగితే వాళ్ళు వెళ్ళిపోతారు గనుక ఇప్పుడే కొనండి.

కొనేముందు లోపలి చీటీ చదవండి. కాటన్ అని సగం వుంటే వద్దు. బట్టను నోటికి ఆనించి ఊదితే గాలి అవతలికి రావాలి. ఇంటికి తెచ్చి తడిపి, గట్టిగా పిండి, నీడలో ఆరేయండి. పక్కనే నూలు బనీను ఒకటి ఆరేయండి. తేడా మీ చేతికే తెలుస్తుంది. ఉతకడానికి చన్నీళ్ళే, ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వకండి, వాసన కోసం వేసే మెత్తబరచే ద్రావకాలు వద్దు. రోజంతా చెమటతో వున్నదాన్ని రాత్రి మార్చి పొడిది వేసుకోమని అబ్బాయికి మరీ మరీ చెప్పండి. ఆ రెండోది అందుకే రాశారు. తామర, చెమటకాయలు తరచు వచ్చే పిల్లలైతే ముందు ఇంటి దగ్గర నాలుగు రోజులు వేసి చూడాలి.

గాలినీ మంచునూ ఆపే పై కోటు కొనకండి. కొండలెక్కే ఊళ్ళల్లో అద్దెకు దొరుకుతుంది. లోపలి బనీను మాత్రం ఒకరిది ఒకరు తొడుక్కోకూడదు.

తిరుగు ప్రయాణంలో వనపర్తి బస్టాండు దగ్గర మామ జీపు ఆపించాడు. ఆటసామాన్ల దుకాణంలోకి పోయి, వీపు మీద ఏడో నంబరు వున్న నీలంరంగు కబడ్డీ బనీను ఒకటి కొన్నాడు. అత్తయ్య చూసి ఏమన్నదో వేరే రాయను.